ఇద్దరు పిల్లల తల్లి ఫ్యానీ బ్లాంకర్స్-కూన్ నాలుగు గోల్డ్‌లు ఎలా గెలిచారు? వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న: విజయనగరం_200మీటర్లు

అందరికీ నమస్తే. డిగ్రీలో ఉండగా 200 మీటర్లు పరిగెత్తేదాన్ని, ఇంటర్ యూనివర్సిటీ మీట్ దాకా వెళ్లాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. పాపకి రెండేళ్లు నిండాయి. ఇప్పుడు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లాలని చాలా గట్టిగా ఉంది. మా ఆయన సరే అన్నారు. మా అత్తగారికే భయం. "పిల్లని పెట్టుకుని ఈ వయసులో పరుగులేంటమ్మా, ఒంట్లో ఏదైనా అయితే?" అంటున్నారు. ఆవిడ అడ్డుపడాలని అనట్లేదు, నిజంగానే కంగారు పడుతున్నారు.

ఈమధ్య వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతోంది. నెదర్లాండ్స్‌కి చెందిన ఫ్యానీ బ్లాంకర్స్-కూన్ అనే ఆవిడ 1948లో, 30 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకే ఒలింపిక్స్‌లో నాలుగు గోల్డ్‌లు గెలిచారని. నాకు తెలుసుకోవాలనుంది. ఆవిడ ప్రాక్టీస్ ఎంతసేపు చేసేవారు? పిల్లల్ని ఎవరు చూసుకునేవారు? గ్యాప్ తర్వాత ఎలా తిరిగొచ్చారు? మోటివేషన్ మాటలు వద్దండీ, అసలు జరిగింది చెప్పండి.

జవాబు: రిటైర్డ్_పీఈటీ_తెనాలి

అమ్మా, నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఆడపిల్లలకి హర్డిల్స్ నేర్పేటప్పుడు ఫ్యానీ గురించి చెప్పకుండా ఒక్క బ్యాచ్‌ని కూడా వదల్లేదు. అంత ఇష్టం నాకు. కాస్త పెద్దగానే రాస్తాను, తీరిగ్గా చదువుకో.

పోస్టులో అంకెలన్నీ నిజమే. కానీ అది చదివితే ఆవిడ వంటింట్లో గరిటె పక్కన పెట్టి నేరుగా ఒలింపిక్స్ జరిగిన లండన్ వెంబ్లీ స్టేడియంకి వచ్చేసినట్టు ఉంటుంది. అప్పటి పేపర్లు కూడా అలాగే రాశాయి, ఆవిడ వంట చేస్తుంది, మేజోళ్లు కుడుతుంది అని. లండన్‌కి వచ్చేసరికి ఆవిడ ట్రాక్ మీద పదమూడేళ్లు గడిపిన మనిషి. నువ్వు మీ అత్తగారికి చెప్పాల్సింది ఈ సంగతే.

1918 ఏప్రిల్ 26న లాగె వూర్స్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి రైతు, షాట్‌పుట్, డిస్కస్ పోటీల్లో పాల్గొన్నవాడు. అయిదుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్, స్కేటింగ్ అన్నీ ఆడేది. ఏది పట్టుకోవాలో తేలక తిరుగుతుంటే ఈత కోచ్ ఒకాయన, మన దేశంలో గొప్ప స్విమ్మర్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు, నువ్వు పరుగులోకి వెళ్తే ఒలింపిక్స్‌కి దారి దొరుకుతుంది అని సలహా ఇచ్చాడట. అలా 1935లో, పదిహేడేళ్లప్పుడు ట్రాక్ మీదికి వచ్చింది. ఆ ఏడే 800 మీటర్లలో నెదర్లాండ్స్ రికార్డు కొట్టింది. కానీ 1928 ఒలింపిక్స్ తర్వాత ఆడవాళ్లకి 800 మీటర్లు తీసేశారు, అంత దూరం వాళ్ల వల్ల కాదని. అది మళ్లీ వచ్చింది 1960లో. అందుకని కోచ్ యాన్ బ్లాంకర్స్ ఆమెని స్ప్రింట్స్, జంప్స్ వైపు తిప్పాడు. ఆయన 1928 ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్ చేసినవాడు, స్పోర్ట్స్ జర్నలిస్టు.

1936 బెర్లిన్‌లో హైజంప్‌లో ఆరో స్థానం, రిలేలో అయిదో స్థానం. మెడల్ రాలేదు. అక్కడ జెస్సీ ఓవెన్స్ ఆటోగ్రాఫ్ తీసుకుంది, దాన్ని ప్రాణంగా దాచుకుంది. 1938లో వియన్నా యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో 100, 200 మీటర్లలో రెండు బ్రాంజ్‌లు. ఇరవై ఏళ్ల అమ్మాయి, 1940 ఒలింపిక్స్‌కి సరిగ్గా పాకానికి వస్తోంది. అప్పుడే యుద్ధం వచ్చి పడింది. 1940 లేదు, 1944 లేదు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు.

ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ యుద్ధకాలమే. 1940 ఆగస్టులో తన కోచ్ యాన్‌ని పెళ్లి చేసుకుంది. ఆయన ఆమెకంటే పద్నాలుగేళ్లు పెద్ద. 1941లో కొడుకు పుట్టాడు. ఇంక ఆట అయిపోయిందని పేపర్లు తేల్చేశాయి, అప్పట్లో తల్లయ్యాక పోటీల్లో కొనసాగినవాళ్లు దాదాపు లేరు. ఆమె కొన్ని వారాలకే మళ్లీ ట్రాక్ మీద ఉంది. 1942లో 80 మీటర్ల హర్డిల్స్ 11.3 సెకన్లు, వరల్డ్ రికార్డుతో సమానం. 1943 మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లో హైజంప్ 1.71 మీటర్లు. అప్పటిదాకా ఉన్న రికార్డు 1.66. అయిదు సెంటీమీటర్లు ఒక్కసారే పెంచడం అంటే, హైజంప్ బార్ పక్కన నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది అదెంతో. అదే ఏడు సెప్టెంబరులో లైడెన్‌లో లాంగ్‌జంప్ 6.25 మీటర్లు, అదీ వరల్డ్ రికార్డే. చుట్టూ యుద్ధం, బయటి దేశాల పోటీలు లేవు, ఇంట్లో రెండేళ్ల పిల్లాడు. హైజంప్ రికార్డు 1951 దాకా, లాంగ్‌జంప్ రికార్డు 1954 దాకా ఎవరూ కదపలేకపోయారు.

1946 ఫిబ్రవరిలో కూతురు పుట్టింది. ఆగస్టులో ఓస్లోలో యూరోపియన్ చాంపియన్‌షిప్స్. ఆరు నెలల బాలింత. 100 మీటర్ల సెమీస్‌లో పడిపోయింది, హైజంప్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత హర్డిల్స్ గెలిచింది, రిలే గెలిచింది. అంటే పిల్ల పుట్టగానే ఒళ్లు వెంటనే మాట వినలేదు. పడింది, ఓడింది, అయినా అదే మీట్‌లో రెండు గోల్డ్‌లు.

ఇంక నువ్వడిగిన ప్రాక్టీస్ సంగతి. వారానికి రెండుసార్లు, ఒక్కో పూట రెండు గంటలు. అంతే. ఇప్పటి వాళ్లు నమ్మరు. పిల్లల్ని వెంట తీసుకుని వెళ్లేది. పసిపిల్ల బండిలో ఉండేది, పెద్దాడు లాంగ్‌జంప్ ఇసుకలో ఆడుకునేవాడు. కోచే మొగుడు కాబట్టి గ్రౌండ్‌కి ఎందుకు అని అడిగేవాడు ఇంట్లో లేడు. ఆమె గెలుపులో ఈ మాటకి పెద్ద వాటా ఉంది. ఎంత టాలెంట్ ఉన్నా, ఆ రెండు పూటలు ఇంట్లో ఎవరూ లాక్కోకుండా ఉండాలి.

కామెంట్: స్టాప్‌వాచ్_ఖమ్మం

టీచర్ గారూ, చాలా బాగా రాశారు. ఒక సందేహం. 1948లో జర్మనీ, జపాన్‌లని పిలవలేదు, సోవియట్ యూనియన్ రాలేదు. 100 మీటర్లు ఆవిడ గెలిచిన టైమ్ 11.9. ఇప్పుడు మన దేశంలో జూనియర్ అమ్మాయిలు కూడా ఆ టైమ్ చేస్తున్నారు. గట్టి పోటీ లేని మీట్‌లో గెలిచారని అనుకోవచ్చా? ఆవిడని తక్కువ చేయాలని కాదు, లెక్క తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు: రిటైర్డ్_పీఈటీ_తెనాలి

బాబూ, అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ 11.9 ఏ నేల మీద వచ్చిందో చూడు. వెంబ్లీలో వేసింది సింథటిక్ ట్రాక్ కాదు, బొగ్గు బూడిద ట్రాక్. ఆ వారం వానలు. 100 మీటర్ల ఫైనల్ రోజు బురద. స్టార్టింగ్ బ్లాక్స్ ఒలింపిక్స్‌కి వచ్చిందే ఆ ఏడు. ఆ బురదలో రెండో స్థానం వచ్చిన బ్రిటన్ అమ్మాయి డొరతీ మాన్లీ టైమ్ 12.2. సెకనులో మూడు పదో వంతుల తేడా అంటే 100 మీటర్లలో రెండు మీటర్ల పైమాటే, ఫోటో ఫినిష్ అవసరం పడలేదు.

ఇంకో లెక్క చెప్తాను. ఆడవాళ్లు అప్పట్లో మూడు వ్యక్తిగత ఈవెంట్లకి మించి పాల్గొనకూడదు. అందుకని ఆవిడ తనే వరల్డ్ రికార్డు హోల్డర్ అయిన హైజంప్, లాంగ్‌జంప్ రెండూ వదులుకుంది. లాంగ్‌జంప్ గోల్డ్ 5.69 మీటర్లకి వెళ్లింది. ఫ్యానీ రికార్డు 6.25! అర మీటరు పైన తేడా. మొత్తం ఆడవాళ్ల అథ్లెటిక్స్ ఈవెంట్లు తొమ్మిదే ఉంటే నాలుగు ఆవిడవి. రెండు వదిలేసి నాలుగు.

లండన్ గురించి మిగిలింది కూడా ఇక్కడే చెప్పేస్తాను. బ్రిటిష్ టీమ్ మేనేజర్ జాక్ క్రంప్, ఆమె వయసు మీరిపోయింది, ఇంక గెలవలేదు అని ముందే అన్నాడు. యాన్ ఆ మాట ఆమెకి గుర్తు చేసి రెచ్చగొట్టేవాడట. సొంత దేశంలో కూడా పిల్లల్ని వదిలేసి పొట్టి నిక్కర్లతో పరుగులేంటి అని ఉత్తరాలు రాశారు. ఆగస్టు 2న 100 మీటర్లు గెలిచింది. ఆగస్టు 4న హర్డిల్స్. పోటీ బ్రిటన్ అమ్మాయి మౌరీన్ గార్డ్‌నర్‌తో, సొంత ప్రేక్షకుల ముందు. ఫ్యానీ స్టార్ట్ చెడింది, వెనకబడింది, ఒక హర్డిల్ తగిలింది, తూలుతూ లైన్ దాటింది. ఇద్దరి టైమ్ 11.2. ఇంతలో బ్యాండ్ బ్రిటిష్ జాతీయ గీతం మొదలెట్టింది. అయిపోయింది, ఓడిపోయాను అనుకుంది. తీరా చూస్తే ఆ గీతం స్టేడియంలోకి వచ్చిన రాజకుటుంబం కోసం. ఫోటో చూసి గోల్డ్ ఫ్యానీకే ఇచ్చారు.

ఆ టెన్షన్‌తో ఆమె నరాలు తెగినంత పనయింది. 200 మీటర్ల సెమీస్ ముందు కూర్చుని ఏడ్చేసింది. ఇంటికి పోతాను, పిల్లలు కావాలి, పరిగెత్తను అంది. రెండు గోల్డ్‌లు గెలిచిన మనిషి! యాన్ బలవంతం చేయలేదు. వద్దంటే మానెయ్, కానీ తర్వాత బాధపడతావేమో అన్నాడు. ఆమె కాసేపు ఏడ్చి లేచింది. సెమీస్ గెలిచింది. 6వ తేదీ ఫైనల్ మళ్లీ తడిసిన ట్రాక్ మీద 24.4 సెకన్లలో, రెండో అమ్మాయికంటే 0.7 సెకన్ల ముందు. ఒలింపిక్ 200 మీటర్లలో అంత తేడాతో గెలవడం చాలా అరుదు.

7వ తేదీ రిలే. ఆ రోజు రెయిన్‌కోటు కొనుక్కోడానికి బజారుకి వెళ్లి ఆలస్యంగా వచ్చింది, టీమ్ వాళ్లు హడలిపోయారు. చివరి లెగ్ ఆమెది. బ్యాటన్ చేతికొచ్చేసరికి నెదర్లాండ్స్ వెనకుంది. ఒక్కొక్కరిని దాటుకుంటూ లైన్ దగ్గర ఆస్ట్రేలియా అమ్మాయిని పట్టేసింది. 47.5కి 47.6. ఎనిమిది రోజుల్లో పదకొండు పరుగులు, పదకొండూ గెలిచింది.

కామెంట్: హోఫ్‌డోర్ప్_తెలుగు

టీచర్ గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా హోఫ్‌డోర్ప్‌లో ఉంటున్నాను. స్కిపోల్ ఎయిర్‌పోర్టుకి ఆనుకుని ఉంటుంది, ఆమ్‌స్టల్‌వేన్‌లాగే ఇక్కడ కూడా మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఫ్యానీ గారు పెరిగింది, 2004 జనవరి 25న చనిపోయింది ఈ ఊళ్లోనే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆవిడ గురించి దొరికినవన్నీ చదువుతున్నాను.

ఈ ప్రాంతం అంతా ఒకప్పుడు పెద్ద చెరువు. 1852లో నీళ్లు తోడేసి పొలాలు చేశారు, సముద్రమట్టం కంటే నాలుగైదు మీటర్లు కిందికి ఉంటుంది. కనుచూపు మేర కొండ లేదు, గుట్ట లేదు. గాలి ఎదురొస్తే సైకిల్ తొక్కడం అంటే మోకాళ్లు వంగిపోతాయి. ఫ్యానీ గారు చిన్నప్పుడు ప్రాక్టీస్ కోసం ఇక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బుకి సైకిల్ మీద వెళ్లేవారు. శీతాకాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో, గాలికి ఎదురు తొక్కుకుంటూ వెళ్లి, పరిగెత్తి, మళ్లీ తొక్కుకుంటూ రావడం. ఆ కాళ్లకి బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక్కడ ఒక్క నవంబరు గడిపితే అర్థమవుతుంది.

లండన్ నుంచి వచ్చాక ఆమ్‌స్టర్‌డామ్‌లో తెల్ల గుర్రాలు పూన్చిన బండిలో ఊరేగించారు. జనం వీధుల్లో పట్టలేదు. అమెచ్యూర్ రూల్స్ వల్ల డబ్బు తీసుకోకూడదు. బహుమతిగా వచ్చిన వాటిల్లో ఒక సైకిల్ ఉంది, ఇంక అంత పరిగెత్తక్కర్లేదు అని. హెంగెలోలో ఆవిడ పేరుతో స్టేడియం ఉంది, ప్రతి ఏడాదీ ఎఫ్‌బీకే గేమ్స్ జరుగుతాయి. మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. జనానికీ ట్రాక్‌కీ మధ్య దూరం చాలా తక్కువ, ఎనిమిదో లేన్‌లో పరిగెత్తేవాళ్ల ఊపిరి మనకి వినపడుతుంది. 2021లో సిఫాన్ హసన్ 10,000 మీటర్ల వరల్డ్ రికార్డు 29:06.82 పెట్టింది అక్కడే. రెండు రోజులకి అదే ట్రాక్ మీద ఇథియోపియా అమ్మాయి లెటెసెన్‌బెట్ గిడే దాన్ని కొట్టేసింది.

ఇక్కడివాళ్లు ఫ్యానీ తర్వాత చెప్పుకునే స్ప్రింటర్ డాఫ్నె స్కిపర్స్. ఉట్రెక్ట్ అమ్మాయి. తను కూడా ముందు అన్నీ చేసినమ్మాయే, 2013 మాస్కో వరల్డ్స్‌లో హెప్టాథ్లాన్ (ఏడు ఈవెంట్ల పోటీ) బ్రాంజ్. తర్వాత స్ప్రింట్స్ మీదికి వచ్చి 2015 బీజింగ్‌లో 200 మీటర్లు 21.63లో గెలిచింది. 2017లో లండన్‌లో మళ్లీ 200 గెలిచింది. నడుం నొప్పి వదల్లేదు, 2023లో రిటైరయింది. హర్డిల్స్, జంప్స్, త్రోస్ అన్నీ నేర్చుకున్నాకే పిల్లలు ఒక ఈవెంట్‌కి వెళ్లే పద్ధతి మా అమ్మాయి క్లబ్బులో కూడా చూస్తున్నాను. పదేళ్ల పిల్లకి ఒకే వారంలో షాట్‌పుట్, హర్డిల్స్, లాంగ్‌జంప్ ఉంటాయి.

ఇంకోటి చెప్పాలి. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 మే నెలలో 100 మీటర్ల హర్డిల్స్‌లో వరసగా నేషనల్ రికార్డులు కొట్టింది కదా, అందులో 13.04 వచ్చింది ఈ దేశంలోనే, వుఖ్ట్ అనే ఊళ్లో.

కామెంట్: లేన్_నంబర్_4

ఫ్యానీ గురించి చెప్తూ ఫుక్యె డిల్లెమా గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. టీచర్ గారూ, మీరు దాని గురించి కూడా రాయండి.

జవాబు: రిటైర్డ్_పీఈటీ_తెనాలి

రాయాల్సిందే. ఫుక్యె డిల్లెమా ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో బురుమ్ అనే పల్లెటూరి అమ్మాయి, 1926లో పుట్టింది. 1950లో 200 మీటర్లు 24.1లో పరిగెత్తి నెదర్లాండ్స్ రికార్డు పెట్టింది. ఫ్యానీకి సొంత దేశంలో ఎదురు నిలిచే మనిషి ఆమే. ఆ జులైలోనే ఆడదానివో కాదో పరీక్ష చేయాలని చెప్పి జీవితాంతం నిషేధించారు. రికార్డు తుడిచేశారు. ఆ అమ్మాయి ఊరికి వెళ్లిపోయి చాలాకాలం ఇంట్లోంచి బయటికి రాలేదు. 2007లో చనిపోయింది. ఆ తర్వాత ఆమె బట్టల మీద దొరికిన డీఎన్ఏ పరీక్షిస్తే పుట్టుకతోనే ఆమె ఒంట్లో రెండు రకాల కణాలు కలిసి ఉన్నాయని తేలింది. ఆమె చేసిన మోసం ఏదీ లేదు. బతికుండగా ఆ మాట ఎవరూ చెప్పలేదు.

నాకు ఫ్యానీ అంటే ఎంత ప్రాణమైనా, అదే ఏడు ఆగస్టులో బ్రస్సెల్స్‌లో ఆవిడ 100, 200, హర్డిల్స్ మూడూ గెలిచిందని చదివినప్పుడల్లా రెండో లేన్ ఖాళీగా ఉందనే అనిపిస్తుంది. ఆ ఇద్దరూ ఒక్క 200 మీటర్ల ఫైనల్ కలిసి పరిగెత్తి ఉంటే ఎవరు గెలిచినా ఆటకి మేలు జరిగేది.

మనకి ఇది దూరం సంగతి కూడా కాదు. ద్యుతీ చంద్‌ని 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్ ముందు ఇలాంటి రూల్ పేరుతోనే పక్కన పెట్టారు. ఒడిశా అమ్మాయి, ఆ కష్టకాలంలో ప్రాక్టీస్ చేసింది హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో, కోచ్ నాగపురి రమేశ్ దగ్గర. ఆమె ఇంట్లో కూర్చోలేదు, కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఫర్ స్పోర్ట్‌కి వెళ్లింది. 2015లో ఆ రూల్‌ని ఆపించింది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రెండు సిల్వర్‌లు తెచ్చుకుంది. ఫుక్యెకి అలా నిలబడే చోటు లేదు, పక్కన నిలబడే మనిషీ లేడు.

కామెంట్: విజయనగరం_200మీటర్లు

టీచర్ గారూ, ఏమని చెప్పను. ఓస్లోలో పడిపోవడం, లండన్‌లో ఏడవడం రెండూ మా అత్తగారికి చదివి వినిపించాను. ఆరు నెలల బాలింత అనగానే "అయ్యో, వాళ్లమ్మ ఏమీ అనలేదా" అని అడిగారు. తర్వాత వారానికి రెండు పూటలే అయితే పాపని నేను చూసుకుంటాను అన్నారు! చివరికి ఫ్యానీ గారు ఎప్పుడు ఆపేశారు? నాకు ఇప్పుడు 29. మీరు చెప్పే జాగ్రత్తలు ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు: రిటైర్డ్_పీఈటీ_తెనాలి

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు తల్లీ. సగం పని ఆవిడే చేసేశారు.

1952 హెల్సింకికి ఫ్యానీ 34 ఏళ్లప్పుడు వెళ్లింది. ఒంటి మీద గడ్డ లేచి బాధపెట్టింది. 100 మీటర్లు హీట్ తర్వాత మానుకుంది. హర్డిల్స్ ఫైనల్‌లో మొదటి హర్డిల్స్ దగ్గరే తగిలి ఆగిపోయింది. గెలిచింది ఆస్ట్రేలియా షెర్లీ స్ట్రిక్‌ల్యాండ్, లండన్‌లో ఆమె వెనక బ్రాంజ్‌తో సరిపెట్టుకున్నామె. ఆ హర్డిల్స్‌లోనే ఒక హీట్‌లో మన నీలిమా ఘోష్ పరిగెత్తింది. ఆమె, మేరీ డిసౌజా, ఇద్దరు స్విమ్మర్లు, స్వతంత్ర భారత్ తరఫున ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి ఆడవాళ్లు వాళ్లు.

హెల్సింకి తర్వాత కూడా ఫ్యానీ ఇంటికి పోలేదు. 1955లో, 37 ఏళ్లప్పుడు, షాట్‌పుట్‌లో జాతీయ టైటిల్ గెలిచి అప్పుడు ఆపింది. అది ఆమెకి 58వ జాతీయ టైటిల్. 1999లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం మొనాకోలో ఆమెని శతాబ్దపు అథ్లెట్‌గా ప్రకటించింది, మగవాళ్లలో కార్ల్ లూయిస్‌ని.

నీ విషయం. ముందు ఒకసారి లేడీ డాక్టర్‌కి చూపించుకుని ప్రసవం తర్వాత నడుం, పొత్తికడుపు కింది కండరాలు ఎలా ఉన్నాయో అడుగు. మొదటి నెల గడియారం ముట్టుకోకు. గడ్డి మీద నడక, జాగింగ్, తర్వాత స్ట్రయిడ్స్ (ఫుల్ స్పీడ్ కాకుండా చిన్న చిన్న పరుగులు), బెండ్ (ట్రాక్ మలుపు) మీద ఫుల్ స్పీడ్ చివర్లో. పాత టైమ్‌లతో పోల్చుకోవడం ఆర్నెల్ల తర్వాత పెట్టుకో. పాత స్పైక్స్ అటక మీద ఉంటే వాటినే వేసుకుందాం అనుకుంటావేమో, వద్దు. కాన్పు తర్వాత చాలామందికి పాదం కాస్త పెరుగుతుంది, బిగుతుగా ఉంటే బెండ్ మీద వేళ్లు కమిలిపోతాయి. సాయంత్రం పూట షాపుకి వెళ్లి కొలిపించుకుని కొత్తవి కొనుక్కో.